పాడు చేసిందట

పాడు చేసిందట. నేనే. ఈ గడ్డి మిషన్ని నేను పాడు చేశానట. పంతొమ్మిదేళ్ళుగా ఈ స్కూలు గ్రౌండులో ఒక్క గడ్డిపరక నా చెయ్యి పడకుండా పొట్టి కాలేదు. అలాంటిది మొన్న సోమవారం ఎవరో వాడి వదిలేసిన మిషనొకటి వ్యానులో తెచ్చి నా షెడ్డులో దింపారు. అది బుధవారం పొద్దున స్టార్ట్ కాకపోయేసరికి, సూపర్‌వైజరు జేబులో ఉన్న రెండు పెన్నుల్లో ఏది బాగా రాస్తుందో అరచేతి మీద గీసి చూసుకుని మరీ రిజిస్టరులో రాశాడు, "గడ్డమ్మ మిషను పాడు చేసింది" అని. రాసి ఊరుకున్నాడా, నాకేదో సన్మానపత్రం చదువుతున్నట్టు పైకి చదివి వినిపించాడు. పెన్ను సార్ అని మేమంతా ఊరికే అనం ఆయన్ని. ఇవాళ శనివారం, పిల్లలు లేరు, తొమ్మిదైంది. పదింటికి వస్తానన్నాడు. అప్పటికి ఇది స్టార్ట్ కాకపోతే గ్రౌండు బయటి కాంట్రాక్టు వాళ్ళకి ఇచ్చేస్తారు, సోమవారం నుంచి నేను లోపల బాత్రూములు కడగాలి. కాగితం టైపు కూడా అయిపోయిందట, సంతకమే తరువాయి. పదకొండింటికి ప్రిన్సిపాల్ మేడమ్ గ్రౌండు చూడ్డానికి వస్తుంది, సోమవారం ఆటల పోటీలు, గడ్డి చూస్తే పిల్లల చీలమండలు దాటి పెరిగింది. నాకున్నది ఈ ఒక్క గంటే. ఒళ్ళు మండిపోతోంది.

తాడు లాగాను. గుర్రుమని ఒక తిరుగు తిరిగి ఆగింది. మళ్ళీ లాగాను. మళ్ళీ అదే గుర్రు, నిద్రలో ఉన్న మా ఆయన్ని కదిపితే అటు నుంచి ఇటు తిరిగి పడుకున్నట్టు. తాడో పేడో తేల్చుకోవాలంటారు, తాడైతే చేతిలోనే ఉంది, ఏమీ తేలడం లేదంతే. భుజం బుధవారం నుంచే పట్టేసింది. ఇంజను పక్కనున్న ఈ లీవరుకు కట్టిన బైండింగ్ వైరు చూస్తే ఇంకా మండుతోంది. సోమవారం మెకానిక్కు దీన్ని వ్యానులోంచి దింపుతుంటే నేనూ ఒక చెయ్యి వేశాను, సైలెన్సరు తగిలి వేళ్ళు చుర్రుమన్నాయి. దింపి అందరి ముందూ ఒక్క లాగు లాగాడు, బుర్రుమంది, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం పెన్ను సార్‌కి అనుమానం వచ్చి ఆయనకు ఫోన్ చేశాడు, నేను వినాలని స్పీకర్ పెట్టి. "రేపట్నుంచి మా గడ్డమ్మ నడపాలయ్యా, ఎలాగో చెప్పు," అంటే, అవతల ఏదో ఇంజను చప్పుడులోంచి ఆయన, "ఏముంది సార్, చోక్ తీసి లాగమనండి, అంతే," అన్నాడు. పెన్ను సార్ నా వైపు తిరిగి, "విన్నావుగా? చోక్ తీసి ఉండాలట," అని, చోక్ అని రాసి ఉన్న కొసకు ఎదురుగా, అవతలి కొసకు లీవరును తోసేశాడు. మళ్ళీ నా చెయ్యి ఎక్కడ ఊరుకోదో అని దాన్ని వైరుతో బిగించి కట్టి, అట్టముక్క మీద "కదపరాదు" అని రాసి వేలాడదీశాడు. మంగళవారం అంతా వాన. బుధవారం నుంచి ఇదీ కథ.

బాత్రూములు కడగడం తక్కువ పనని కాదు. మా తోటికోడలు ఇక్కడే లోపల అదే పని చేస్తుంది, ఆవిడ కడిగిన నేల మీద కూర్చుని అన్నం తినొచ్చు, ఎవరైనా ఆ పనిని చిన్నచూపు చూస్తే ముందు నేనే ఊరుకోను. కానీ నేను కోరుకుని వెళ్ళడం వేరు, పాడు చేసిందని చెవి పట్టి లాక్కెళ్ళడం వేరు. పొద్దున ఈ మాటే మా ఆయనతో అంటే, కుట్టు మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తూ, కళ్ళు కూడా ఎత్తకుండా, "పోనీలేవే, నీడపట్టున పని," అన్నాడు. పోనీలే! పాతికేళ్ళ కాపురంలో ఈ ఒక్క మాటతో ఎన్ని పోగొట్టుకున్నామో లెక్కేస్తే ఇంకో ఇల్లు నిండుతుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆ స్కూలు వాళ్ళకే పట్టనిది నీకెందుకు?" అని కూడా అన్నాడు. ఎందుకంటే ఏం చెప్పను? మంచివాడే, పొద్దున్నే లేచి నాకంటే ముందు పొయ్యి వెలిగిస్తాడు, మా అమ్మాయి జ్వరంతో పడుకుంటే రాత్రంతా కాళ్ళు పట్టేవాడు, కానీ ఎవరైనా చొక్కా కొలత తప్పు చెప్పి తప్పు నీదేనని ఆయన మీద అరిచినా పోనీలే అని మళ్ళీ కుట్టి ఇస్తాడు. నేనలా కాదు. నా కత్తిపీటకు దురద ఉంది. కంద సంగతి నాకు తెలీదు.

ఊరికే తాడు లాగి లాభం లేదు. కూర్చుని ఆలోచించాలి. మా నాన్న ఉంటే తాడు ముట్టనిచ్చేవాడే కాదు, "ముందు అడుగు, తర్వాత పీకు," అనేవాడు. ఇంజన్లు బాగు చేసేవాడు, నీళ్ళు తోడే ఇంజన్లు, పిండి మిల్లు ఇంజన్లు, ఏది తెచ్చి ముందు పెట్టినా దానితో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. నిప్పుందా నీకు? నూనె ఉందా? గాలి ఆడుతోందా? ఈ మూడే, నాలుగోది లేదు ఏ ఇంజనుకైనా. చీకటి పడ్డాక ఏ ఇంజనైనా విప్పితే నన్ను పిలిచి టార్చి లైటు పట్టుకోమనేవాడు. తమ్ముడిని పిలిచి పానా ఇచ్చేవాడు. నాకు పదమూడు, వాడికి తొమ్మిది. వాడి చేతిలో పానా జారి కింద పడేది, వాడి కళ్ళు వీధిలో గోళీలాట మీద ఉండేవి, అయినా పానా వాడిదే, లైటు నాది. "నాన్నా, నేను విప్పనా?" అంటే, "లైటు సరిగా పట్టు తల్లీ, చెయ్యి వణికితే నాకేం కనబడదు," అనేవాడు. తల్లీ అని ముద్దుగానే అనేవాడు, అందుకే ఏడవడానికి కూడా వీలుండేది కాదు. అయితే లైటు పట్టుకున్నవాళ్ళకి లోపలున్నదంతా కనబడుతుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఇవాళ తమ్ముడు ఇంట్లో బల్బు మార్చాలన్నా మనిషిని పిలుస్తాడు. నేను ఇదిగో, ఇక్కడ కూర్చుని, ప్లగ్గు విప్పుతున్నాను.

అమ్మ కూడా తక్కువ తిన్లేదు. తమ్ముడి చేతిలో గాజు గ్లాసు జారి భళ్ళుమంటే, "అయ్యో, గ్లాసు పగిలింది, కాళ్ళు జాగ్రత్త నాన్నా," అనేది. నా చేతిలో జారితే, "పగలగొట్టింది మహాతల్లి!" అనేది. అదే గ్లాసు, అదే నేల. వాడి దగ్గర అది దానంతటదే పగిలేది, నా దగ్గర నేను పగలగొట్టేదాన్ని. పెళ్ళయి వెళ్ళాక మా అత్తగారి దగ్గరా అంతే, ఆవిడ పొయ్యి దగ్గరుంటే కూర మాడింది, నేనుంటే కోడలు మాడ్చింది. ఎప్పుడైనా నేను వండింది బాగా కుదిరితే, "ఇవాళ కూర బాగా కుదిరింది," అనేవాళ్ళు. కుదిరిందట! కూరే లేచి, తనను తాను తరుక్కుని, తాలింపు పెట్టుకుని కుదిరింది కాబోలు. ఇన్నేళ్ళలో నేను బాగా కుదిర్చాను అని ఒక్కరి నోటి నుంచి వినలేదు. అప్పట్లో ఇదంతా ఇంత విడమరిచి తెలియలేదు, గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉండేది, నీళ్ళు తాగితే పోయేది. బుధవారం ఆ రిజిస్టరు చదివి వినిపిస్తుంటే అదే అడ్డం పడింది, నాలుగు రోజులైంది, నీళ్ళకు దిగడం లేదు.

ప్లగ్గు చేతికి వచ్చింది. కొనకు వేలు ఆనించి చూశాను. పొడి. తడి చుక్క కూడా లేదు. ఆహా! మెకానిక్కుకు గురువారం మళ్ళీ ఫోన్ చేస్తే ఏమన్నాడు? "ఎక్కువసార్లు లాగి పెట్రోలు ముంచేసుంటుంది సార్ ఆవిడ, ఆడవాళ్ళకి చెయ్యి తూకం ఉండదు," అన్నాడు, స్పీకర్‌లోనే, నేను పక్కనే ఉండగా. పెన్ను సార్ నవ్వుతూ, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు మిషను మంచిది కాదంటుందయ్యా పైగా," అన్నాడు. ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. ముంచేస్తే ప్లగ్గు తడిసి ముద్దవ్వాలి కదా, ఎండిన వేరుశనగ గింజలా ఎందుకుంది? రండి, వచ్చి ముట్టుకుని చూడండి. చూడరు. చూడాలంటే వంగాలి, చొక్కాకు మసి అంటుతుంది, జేబులోని పెన్నులు జారి పడతాయి. ప్లగ్గుకు టోపీ మళ్ళీ తొడిగి, పక్కన ఇనుప రెక్కలకు ఆనించి, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తాడు లాగాను. తలుపు ముందే ఓరగా వేశాను వెలుతురు లేకుండా. టిక్కుమని నీలంగా మెరిసింది. ఇంకోసారి. ఇంకోసారి. అయితే నిప్పుంది. ఎవరూ లేని షెడ్డులో నేనొక్కదాన్నే నవ్వుకున్నాను, అంతలోనే మళ్ళీ కోపం వచ్చింది, ఈ నవ్వు కూడా నేను దొంగచాటుగా నవ్వుకోవాల్సి వచ్చిందని.

ప్లగ్గు మళ్ళీ బిగించాను. ఇక నూనె. టాంకు మూత తీస్తే సగానికి పైగా ఉంది, వాసన కొత్తదే. ట్యాపు తెరిచే ఉంది. కార్బొరేటరు కింద గిన్నెకున్న మర అరతిప్పు వదులు చేస్తే పెట్రోలు తేటగా ధార కట్టింది, గుడ్డ అడ్డం పెట్టి మళ్ళీ బిగించాను. నలకలు లేవు, నీళ్ళు లేవు. నా పాత మిషను గిన్నె నెలకోసారి కడగాల్సి వచ్చేది, ముసలిది పాపం, పొద్దున్నే బొత్తాం లాగి నాలుగు మాటలు చెబితే గానీ లేచేది కాదు, లేచిందంటే మాత్రం ఎండలో నాలుగు గంటలు ఆగకుండా నడిచేది. దాన్ని నన్ను అడక్కుండా తీసుకుపోయారు. సెలవులు అయిపోయి వచ్చేసరికి షెడ్డులో నాలుగు చక్రాల గుర్తులు మాత్రం ఉన్నాయి. అడిగితే, "పాతదైపోయిందమ్మా," అన్నాడు పెన్ను సార్. అది పాతదైపోలేదు సార్, నేను పంతొమ్మిదేళ్ళు నడిపాను దాన్ని, ఆ మాట చెప్పడానికి నోరు రాలేదప్పుడు. గడ్డమ్మ అని పేరు పెట్టింది పిల్లలు. గడ్డి కోసే అమ్మ, గడ్డమ్మ. ఒకటో తరగతి బుడుగొకడు దగ్గరికొచ్చి నా చుబుకం తేరిపార చూసి, "నీకు గడ్డం ఏదీ?" అని అడిగాడు, కడుపుబ్బ నవ్వాను ఆ రోజు. పిల్లలు అలా పిలిస్తే ముద్దుగా ఉంటుంది. ఆ పిల్లలే మోకాలు చెక్కుకుపోతే టీచరు దగ్గరికి కాదు, నా దగ్గరికే పరిగెత్తుకొస్తారు, ఎక్కడ రాయి తేలిందో, ఎక్కడ గుంట పడిందో నాకే తెలుసని. అంత పెద్ద గ్రౌండులో కాలికి గుచ్చుకునే ముల్లు ఒక్కటి ఉండదు. ఉండదంటే దానంతటదే ఉండకపోదు, నేను ఏరతాను కాబట్టి ఉండదు. ఇదిగో, నాకూ అదే పాడు అలవాటు, నేను చేసిన పనిని నేనే దానంతటదే అయినట్టు చెప్పుకుంటాను.

వరండా గడియారం తొమ్మిదీ ముప్పై అయిదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది దీని వ్యవహారం. నిప్పుంది, నూనె ఉంది. మిగిలింది గాలి. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత విప్పి, లోపలి స్పాంజి ఊడదీసి దులిపాను, శుభ్రంగానే ఉంది. దాని వెనకాల గాలి పోయే రంధ్రం. టార్చి లైటు పళ్ళ మధ్య కరిచి పట్టుకుని వంగి చూశాను. లోపల నాణెమంత రేకు, గాలి దారికి తలుపులాంటిది, పూర్తిగా తెరుచుకుని నిలబడి ఉంది. హాయిగా. బార్లా. చలికి బిగుసుకుపోయిన ఇంజను గొంతులోకి ఊరంత గాలి పోతుంటే దానికి పెట్రోలు ఎక్కడ ఒంటబడుతుంది? ప్లగ్గు పొడిగా ఎందుకుండదు? పొయ్యి అంటుకోక ముందే గొట్టంతో ఉఫ్ ఉఫ్ అని ఊదితే ఆరిపోదూ? చల్లటి ఇంజనుకు మొదట ఆ తలుపు మూయాలి, లేచి ఊపిరి పీల్చుకున్నాక తెరవాలి, చోక్ అంటే ఇంతే కదా, నా ముసలి మిషనుకు రోజూ నేను బొత్తాం పైకి లాగి చేసింది ఇదే కదా. మరి ఆ మెకానిక్కు తీయమన్నాడేమిటి? చోక్ తీసి లాగమనండి అన్నాడే.

తీసి. తీసి! టార్చి నోట్లోంచి జారిపడింది. ఓరి భగవంతుడా. ఆయన పాతకాలం మనిషి, జన్మంతా స్కూటర్లు, బొత్తాం చోకులు. ఆయన చెయ్యి ఎరిగిన చోక్ తీయడమంటే బొత్తాం బయటికి తీయడం, అంటే చోక్ వేయడం. మేము విన్నది చోక్ తీసేయడం. తలుపు తీస్తే తెరుచుకుంటుంది, లైటు తీస్తే ఆరిపోతుంది, ఫోటో తీస్తే వస్తుంది, ప్రాణం తీస్తే పోతుంది, ఈ ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందమ్మా! మెకానిక్కు తలుపు తీసినట్టు అన్నాడు, పెన్ను సార్ లైటు తీసినట్టు విన్నాడు. విని, తోసి, కట్టి, కదపరాదని రాశాడు. సోమవారం ఎందుకు లేచిందంటే వేడిగా ఉంది కాబట్టి, అప్పుడే ఎక్కడో నడిపి తెచ్చారు కాబట్టి, నా వేళ్ళు కాలాయి కదా, ఆ వేళ్ళనైనా అడగొచ్చు కదా నేను. నేనూ లైటు తీసినట్టే విన్నాను, అబద్ధమెందుకు. కొత్తరకం మిషన్లకు చోక్ అక్కర్లేదేమో, పెద్దవాళ్ళు చెబుతున్నారు కదా అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళు చేత్తో తెలుసుకున్నదాన్ని పక్కన పెట్టి, ఫోనులో ఒక మాట, అట్టముక్క మీద ఒక మాట నమ్మాను. ఆ ఒక్కటే నా తప్పు. రాస్తే అది రాయాలి ఆయన. కానీ అది రాయాలంటే పై లైనులో తన సంగతి కూడా రాసుకోవాలి.

కటింగ్ ప్లయరు చేతిలో ఉంది. కత్తిరించలేకపోతున్నాను. చూడండి ఈ చేతి సంగతి, నిజం తెలిసినా అట్టముక్క దగ్గర ఆగిపోయింది. కత్తిరించాక కూడా లేవకపోతే? చెప్పిన మాట వినకుండా వైరు తెంపి పూర్తిగా పాడు చేసింది అని ఇంకో లైను పడుతుంది, అప్పుడు బాత్రూముల పని కూడా ఉండదేమో, మా అమ్మాయి ఇంకా చదువుకుంటోంది. తమ్ముడికైతే ఇంత ఆలోచన ఉండేదా? వాడైతే ఎప్పుడో తెంపేసేవాడు, తెగింది అనేవాడు. నాకు కోపం ముదిరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుఃఖం కాదు, కోపమే. నాలుగు రోజులు ఈ వైరు చుట్టూ తిరుగుతూ భుజం ఊడేలా లాగి, రాత్రుళ్ళు మంచం మీద తప్పు ఎక్కడ చేశానా అని వెతుక్కున్నాను, పైగా వీళ్ళ నవ్వులు! టక్కుమని కత్తిరించాను. ఫిల్టరు మూత బిగించాను. లీవరు అవతలికి, చోక్ అని ఉన్న వైపుకు, చివరి దాకా నెట్టాను. కాలు చట్రం మీద అదిమి, లే, అన్నాను, లే తల్లీ.

మొదటి లాగుకు దగ్గింది. రెండో లాగుకు నల్లగా పొగ కక్కింది. మూడో లాగుకు షెడ్డు రేకులు అదిరేలా మోగింది. కంగారుపడి ఎగిరి గంతేశాను నేనే. లీవరు నెమ్మదిగా, పసిపిల్లను ఒళ్ళోంచి దింపినట్టు వెనక్కి తెచ్చాను, చప్పుడు తేటబడింది, సన్నబడింది, నిలబడింది. ఇంకేం చూస్తాను, బయటికి తోసుకుపోయాను. గోల్ పోస్టు దగ్గర మొదలుపెట్టి అవతలి గోడ దాకా ఒక పట్టీ, అక్కణ్ణుంచి తిరిగి ఇంకో పట్టీ. గడ్డి తడిగా ఉండి చక్రాలకు చుట్టుకుంటోంది, మోకాళ్ళ దాకా పచ్చటి మరకలు, ఆ వాసన ముక్కుకు తగిలాక గానీ తెలియలేదు నాలుగు రోజులుగా సరిగా ఊపిరి తీసుకోలేదని. ఇది నాది. ఈ గ్రౌండు నాదని ఏ కాగితంలోనూ లేదు, కానీ నాదే. మూడో పట్టీ సగంలో ఉండగా వరండా మెట్ల మీద పెన్ను సార్ కనిపించాడు, చంకలో రిజిస్టరు, చెయ్యి ఊపుతూ. ఇంజను ఆపాను.

"అదీ! నేను చెప్పలా?" గడ్డి అంటకుండా ప్యాంటు పైకి పట్టుకుని దగ్గరికొచ్చాడు. "మెకానిక్కుతో గట్టిగా మాట్లాడాను నిన్న. సెట్టయిపోయింది చూశావా." అంటూనే ఆయన కళ్ళు లీవరు మీద పడ్డాయి. వైరు లేదు, అట్టముక్క లేదు. లీవరు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ లీవరు వైపు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. తెలివితక్కువవాడేం కాదు, అర్థమైంది.

"వైరెవరు..."

"నేనే తెంపాను సార్. ఆయన చెప్పింది చోక్ వేయమని. మనం తీసేసి కట్టేశాం."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒక్క క్షణం అయ్యో అంటాడేమో అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. రిజిస్టరు తెరిచి, పెన్ను తీసి, గబగబా రాశాడు. అలవాటు కొద్దీ పైకి చదివాడు కూడా. "మిషను బాగైంది."

బాగైంది. వారం పట్టిన జలుబు తగ్గినట్టు. ఇంతసేపూ ఏ మాట కోసం చెవులు రిక్కించుకుని ఉన్నానో ఆ మాట రాలేదు, రాదు కూడా, నేను అడిగితే తప్ప. గొంతులో అడ్డం పడ్డది మళ్ళీ కదిలింది, ఈసారి పైకి.

"ఎలా బాగైంది సార్?"

"అంటే... బాగైంది. నడుస్తోందిగా. కొయ్యి కొయ్యి, పదకొండింటికి మేడమ్ వస్తారు. నిన్ను లోపలికి మార్చే కాగితం కూడా పైకి పంపలేదులే, చించేస్తాను. ఇంకేం, సంతోషమేనా?"

సంతోషమే. అబద్ధమెందుకు, ఆ మాటకు కాళ్ళలో బలం వచ్చింది, ఆయన దయ తలిచినట్టు చెప్పినా సరే. అక్కడితో ఊరుకుని తాడు లాగొచ్చు. ఇంట్లోవాళ్ళెవరైనా అదే చెబుతారు. నేను మాత్రం మిషను పక్కనే, తడి గడ్డిలోనే కూర్చున్నాను.

"ఏంటమ్మా, ఏమైంది?"

"బుధవారం అది పాడైంది అని రాయలేదు సార్ మీరు. పాడు చేసింది అని రాశారు. ఇవాళ మాత్రం దానంతటదే బాగైందా?"

"రెండూ ఒకటే కదా, మాట తేడా తప్ప..."

"ఒకటే అయితే మార్చి రాయండి."

ఆయన వరండా గడియారం వైపు చూశాడు. గ్రౌండు వైపు చూశాడు, రెండున్నర పట్టీలు నున్నగా, మిగతాదంతా గాలికి ఊగుతూ. నేను లేవలేదు. చేతులు మోకాళ్ళ చుట్టూ బిగించుకున్నాను. చివరికి, "సరే, ఏం రాయమంటావు?" అన్నాడు.

"బాగు చేసింది."

రాశాడు. "ఎవరు బాగు చేశారని రాయను?"

"పాడు చేసింది ఎవరని రాశారు?"

పేజీ వెనక్కి తిప్పాడు. బుధవారం లైను మీద వేలు పెట్టాడు, ఈసారి పైకి చదవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. తల ఎత్తకుండానే, ముందు నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో, "నీ పేరు... మీ పేరేంటమ్మా?" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళు. చెప్పాను, ఇంటిపేరుతో సహా. రాసుకున్నాడు. లేచి వెళ్ళి ఆయన భుజం పక్కన నిలబడి చూశాను. ఒక ఒత్తు తప్పు రాశాడు. దిద్దించాను.